ముక్కు కోసుగా ఉంటే చాలదు

చిన్నప్పుడు మా క్లాసులో కాగితం రాకెట్ల గురించి రెండు నమ్మకాలుండేవి. ముక్కు ఎంత కోసుగా ఉంటే అంత దూరం పోతుందన్నది ఒకటి. విసిరే ముందు ముక్కు మీద ‘హా’ అని ఆవిరి ఊదాలన్నది రెండోది. ఊదినంత మాత్రాన ముక్కుకు అంటే తడి బరువు లెక్కలోకి రాదు. కాకపోతే ఊదే ఆ ఒక్క క్షణం పిల్లాడు ఆగి గురి చూసుకుంటాడు, బహుశా లాభమంతా అందులోనే ఉంది. మొదటి నమ్మకం తప్పని తెలియడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

మామూలు జిరాక్స్ కాగితం ఒకటి తీసుకోండి. ఏ4 కాగితాలు 16 పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది. చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే రకమైతే ఒక్కో కాగితం 5 గ్రాములన్నమాట. ఫ్యాన్ ఆపేసి, దాన్ని మడవకుండానే తలెత్తున పట్టుకుని వదలండి. అటూ ఇటూ ఊగి, ఓ పల్టీ కొట్టి, ఏ మంచం కిందో తేలుతుంది. ఇప్పుడు దాని పొడుగు అంచును వేలెడు వెడల్పున మీద మీదకు నాలుగైదు సార్లు మడిచి, మడతను గోరుతో గట్టిగా రుద్దండి. మధ్యలో కాస్త వంచి, బరువైన అంచు ముందుండేలా మెల్లగా తోసి వదలండి. కోసు ముక్కు లేదు, తోక లేదు. అయినా జారుతూ ముందుకు పోతుంది.

మారిందల్లా బరువున్న చోటు. మడవని కాగితానికి గరిమనాభి, అంటే బరువంతా కూడినట్టుండే చోటు, సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. మడిచాక అది ముందు అంచు నుంచి సుమారు మూడో వంతు దగ్గరికి జరిగింది. మనం రాకెట్ చేసేటప్పుడు పై మూలలు రెండూ లోపలికి మడిచి, మళ్లీ మడిచేది కూడా నిజానికి ఇందుకే. కోసుదనం ఆ మడతల వెంట వచ్చే అందం.

న్యూయార్క్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2022లో అచ్చు వేసిన ఒక పరిశోధన ఈ విషయం మీదే. కాగితం విమానాలతోనూ, నీళ్ల తొట్టిలో జారవిడిచిన ప్లాస్టిక్ పలకలతోనూ బరువును ముందుకూ వెనక్కూ జరుపుతూ చూశారు. బరువు మధ్యలో ఉంటే పలక ఊగిసలాడింది. మరీ ముందుకు జరిపితే ముక్కు కిందికి పెట్టి దూకేసింది. ఈ రెంటికీ నడుమ ఒకచోట ఉన్నప్పుడు మాత్రం నిలకడగా జారింది.

కారణం చదునైన రెక్కలో ఉంది. రెక్క మీద గాలి తోపు అంతా ఒకే చోట పనిచేస్తోందనుకుందాం. పలక గాలికి దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు ఆ చోటు ముందు అంచు నుంచి పావు వంతు దగ్గర ఉంటుంది. పలక గాలికి అడ్డం తిరిగేకొద్దీ అది మధ్యకు జరుగుతుంది. అంటే ముక్కు కాస్త పైకి లేచిందనుకోండి, తోపు గరిమనాభికి వెనక్కి పోయి తోకను ఎత్తుతుంది, ముక్కు దిగుతుంది. ముక్కు మరీ దిగితే తోపు గరిమనాభికి ముందుకొచ్చి ముక్కును మళ్లీ ఎత్తుతుంది. తప్పు తనే దిద్దుకుంటుంది! పెద్ద విమానాల వంపు రెక్కల్లో ఇది తిరగబడుతుంది, ముక్కు లేచేకొద్దీ తోపు ముందుకు జరిగి ఇంకా లేపుతుంది. అందుకే వాటికి తోక రెక్కలు కావాలి. వందల మంది ఎక్కే విమానానికి లేని సుగుణం 5 గ్రాముల కాగితానికి ఉండటం నాకు భలే నచ్చుతుంది.

ఇక విసరడం. బలమంతా పెట్టి విసిరితే ఎక్కువ దూరం పోతుందనుకుంటాం. వేగం రెట్టింపైతే పైకి లేపే బలం నాలుగు రెట్లవుతుంది. వెడల్పు రెక్కల విమానం దాంతో నిట్టనిలువుగా లేచి, వేగమంతా పోగొట్టుకుని, గాలిలో ఓ క్షణం ఆగినట్టై కుప్పకూలుతుంది. దాన్ని కొంచెం కిందికి గురిపెట్టి, చేతిలోంచి జారవిడిచినట్టు వదలాలి. అలా వదిలినా ముక్కు నేలకేసి పోతుంటే రెక్కల వెనక అంచును రెండు మిల్లీమీటర్లు పైకి వంచండి. ఒకే పక్కకు తిరుగుతుంటే వెనక నుంచి చూడండి, సాధారణంగా ఒక రెక్క మెలిపడి ఉంటుంది.

సన్న రెక్కల రాకెట్ సంగతి వేరు. అది సగం దూరం రాయిలాగే పోతుంది, కాబట్టి చేతి బలం దానికి అక్కరకొస్తుంది. జాన్ కాలిన్స్ అనే అమెరికన్ తన విమానాన్ని తాను మడిచినా, విసరడానికి ఒక అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి విసిరే ఆట) ఆటగాణ్ని పిలుచుకున్నాడు. 2012లో అది 69.14 మీటర్లు పోయి ప్రపంచ రికార్డయింది. పదేళ్ల తర్వాత, 2022 డిసెంబరులో, ముగ్గురు అమెరికన్ యువ ఇంజినీర్లు ఇండియానా రాష్ట్రంలో తమ విమానంతో ఆ రికార్డును 88.318 మీటర్లకు చేర్చారు. జపాన్‌కు చెందిన తకువో తోడా దూరం జోలికి పోలేదు. 2010లో ఆయన విమానాన్ని పైకి విసిరి, అది మెల్లగా దిగుతుంటే సెకన్లు లెక్కపెట్టించారు. 29.2 వచ్చాయి.