టమాటా కిలో మైనస్ పది రూపాయలు

విశాఖ మధురవాడ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. బోరు వేయించే ముందు స్థలంలో విద్యుదయస్కాంత సర్వే చేయించారట. అవే రీడింగులు ఇద్దరికి చూపిస్తే రెండు రకాల పటాలు వచ్చాయి. ఒకరు 5 మీటర్ల మందాన 5 ఓమ్-మీటర్ల విశిష్ట నిరోధం (కరెంటును ఆ మట్టి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) ఉన్న పొర ఉందన్నారు, ఇంకొకరు 10 మీటర్ల మందాన 10 ఓమ్-మీటర్ల పొర అన్నారు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాకపోవచ్చు. తీగచుట్టలో మారే కరెంటు పంపితే నేలలోనూ కరెంట్లు పుడతాయి, వాటి అయస్కాంత క్షేత్రాన్ని పైనుంచి కొలుస్తాం. పలుచటి వాహక పొర విషయంలో ఆ కొలతకు ప్రధానంగా అందేది మందాన్ని విశిష్ట నిరోధంతో భాగిస్తే వచ్చే అంకె. 5ను 5తో భాగించినా, 10ని 10తో భాగించినా ఒకటే కదా! పరికరానికి ఆ రెండు పొరలూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

నేల ఎలా ఉందో తెలిస్తే రీడింగులు ఎంత రావాలో విద్యుత్తు, అయస్కాంతత్వాల తీరును చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలతో లెక్కకట్టవచ్చు. రీడింగుల నుంచి వెనక్కి నడిచి నేలను పట్టుకోవడమే ఇన్వర్షన్. నన్ను ఏళ్ల తరబడి వదలని విషయం అదే.

రైతుబజారు లెక్క ఒకటి చేద్దాం. మొదటిరోజు రెండు కిలోల టమాటా, రెండు కిలోల వంకాయ కలిపి 120 రూపాయలు. మర్నాడు అవే ధరలకు రెండు కిలోల టమాటా, రెండు కిలోల వంద గ్రాముల వంకాయ 123 రూపాయలు. విడి ధరలెంత? అదనపు వంద గ్రాములకు 3 రూపాయలు, కాబట్టి వంకాయ కిలో 30, టమాటా కూడా 30. ఇప్పుడు రెండో బిల్లును 125 అని పొరపాటుగా గుర్తుపెట్టుకున్నామనుకోండి. వంకాయ 50కి ఎగబాకుతుంది, టమాటా 10కి పడిపోతుంది. 127 అనుకుంటే వంకాయ 70, టమాటా మైనస్ 10! నాలుగు రూపాయల పొరపాటుకి, కొన్నందుకు మనకే ఎదురు డబ్బులిచ్చే బజారు తయారైంది.

కూడికలో తప్పు లేదు. రెండు బిల్లులూ ఒకదాన్నొకటి మరీ పోలి ఉండటమే చిక్కు. రెండోది కొత్తగా చెప్పింది వంద గ్రాముల మేరకే. నేల కూడా అలాంటి బిల్లులే ఇస్తుంది. తరంగం ఎంత లోతుకు దిగుతుందో చెప్పే సూత్రం 503 × √(విశిష్ట నిరోధం ÷ ఫ్రీక్వెన్సీ) మీటర్లు. 100 ఓమ్-మీటర్ల నేలలో 1000 హెర్ట్జ్‌కి సుమారు 159 మీటర్లు, 900 హెర్ట్జ్‌కి 168. ఈ రెండు రీడింగులూ దాదాపు అదే నేలను కలగలిపి చూస్తాయి. ఇలా దగ్గరదగ్గర ఫ్రీక్వెన్సీలు ఎన్ని చేర్చినా వంద గ్రాముల తేడా బిల్లులే పోగవుతాయి.

మరి దారేది? బజారులో ఏం చేస్తాం? బిల్లులో నాలుగైదు రూపాయలు అటూఇటూ ఉండొచ్చని ఒప్పుకుంటాం, రెండు కూరల ధరలూ మరీ దూరంగా ఉండవని అనుకుంటాం. అప్పుడు రెండో బిల్లు 127 అన్నా, రెండు కూరలూ 30 అనే జవాబు నిలబడుతుంది. పొరపాటు 4 రూపాయలే, మనం ఒప్పుకున్న హద్దులోనే ఉంది. ఈ పద్ధతికి గణిత రూపమిచ్చినవారిలో ముఖ్యుడు రష్యన్ శాస్త్రవేత్త ఆంద్రే టిఖొనోవ్. భూమి సహజ విద్యుత్ ప్రవాహాలతో లోతులను చదివే మాగ్నెటోటెల్యూరిక్ పద్ధతి మీద 1950లో తొలి పరిశోధనా పత్రాల్లో ఒకటి ఆయనే రాశారు. నేలను చదవబోయి ఈ చిక్కును ఎదుర్కొన్న మనిషే 1963లో దాని మందు గురించి రాయడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

కంప్యూటర్ చేసే పని ఇది. ముందుగా ఊహించిన నమూనాతో మొదలుపెట్టి, లెక్కించిన రీడింగులకూ కొలిచినవాటికీ తేడా చూస్తుంది. ఏ పొరను కాస్త మారిస్తే ఏ రీడింగు ఎంత మారుతుందో చెప్పే జాకోబియన్ మాత్రికతో నమూనాను సవరిస్తుంది. తగ్గించాల్సింది ఒక మొత్తాన్ని: రీడింగుల తేడా, దానికి తోడు లాంబ్డా అని మనం ఎంచుకునే అంకెతో గుణించిన నమూనా గరుకుదనం (పక్కపక్క పొరల మధ్య ఎగుడుదిగుడు). లాంబ్డా చిన్నదైతే కొలతల్లోని రొద (పొరపాట్లు, బయటి కల్తీ) కూడా పొరలుగా అచ్చవుతుంది, పెద్దదైతే నిజమైన పొరలు చెరిగిపోతాయి. తేడా రొద స్థాయికి దిగగానే ఆగాలి. నగరంలో కరెంటు తీగల 50 హెర్ట్జ్, దాని గుణిజాలు ఎటూ తప్పవు. వాటినీ నేలకు అంటగట్టే పటం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

ఇంటర్లోనే ఈ బజారు లెక్క చెప్పాలని నా కోరిక. ప్రతి లెక్కకూ ఒకే జవాబు ఉంటుందని పిల్లలకు నేర్పుతున్నాం. జవాబు ఉండాలి, ఒక్కటే ఉండాలి, కొలత కాస్త మారితే అదీ కాస్తే మారాలి: ఈ మూడు షరతులూ అన్ని సమస్యలకూ కుదరవు. ఆ చర్చను ఫ్రాన్స్‌లో గణితవేత్త హదమార్ 1902లోనే మొదలుపెట్టారు.

అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే గంగ ఉందనేవారు మన దగ్గర ఇంకా ఉన్నారు. వాతావరణానికి శిథిలమైన రాతినేలలో చాలాచోట్ల ఎంతో కొంత నీరు పడుతుంది కాబట్టి ఆ మాట నిజమైనట్టు కనిపిస్తుంది. కొబ్బరికాయ తన పొరపాటు ఎంతో చెప్పదు. ఇన్వర్షన్ చెప్పగలదు.

విశాఖలో ఇంకో మెలిక ఉంది. మన కొండల ఖోండలైట్ రాయి శిథిలమై బంకమన్ను అవుతుంది. తడిసిన బంకమన్నుదీ, తీరం దగ్గర లోపలికి చొచ్చిన ఉప్పునీటిదీ విశిష్ట నిరోధం రెండూ తక్కువే. పటంలో రెండింటికీ ఒకే రంగు పడవచ్చు. కాబట్టి మధురవాడ మిత్రులు ఇద్దరినీ అడగాల్సినవి ఇవి: ఏ నమూనాతో మొదలుపెట్టారు? చివరికి తేడా ఎంత మిగిలింది? మొదలు మార్చి మళ్లీ చేస్తే ఏ లోతు వరకు పటం మారలేదు? పక్క బోరు తవ్వినప్పుడు ఏ లోతులో ఏ మట్టి వచ్చిందో తెలిస్తే అదీ వాళ్లకివ్వండి. ఆ పొర మందం ఒక్కటి ఖాయమైతే 5, 10ల తగవు అక్కడికక్కడే తేలిపోతుంది.