పైలట్ చెవికి వేరే పని ఉంది

శిక్షణలో ఉన్న పైలట్ ఎగురుతూ పాటలు వినొచ్చా? ముందు ఆ చెవి చేసే పనేమిటో చూద్దాం. శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172 ఎక్కే ముందు చేసే తనిఖీల్లో ఒకటి కొత్తగా చూసేవాళ్లకు నవ్వు తెప్పిస్తుంది. ఎడమ రెక్క ముందు అంచున చిన్న రంధ్రం ఉంటుంది. దాని మీద శుభ్రమైన చేతిరుమాలు కప్పి, నోరు ఆనించి గాలి పీల్చాలి. కాక్‌పిట్‌లో బూర మోగితే అంతా సవ్యంగా ఉన్నట్టు. పైన ఎగురుతున్నప్పుడు ఆ బూరను ఊదేది గాలే. ముక్కు మరీ పైకెత్తి వేగం పోగొట్టుకున్న విమానానికి రెక్క మీద గాలి పట్టు తప్పుతుంది. దాన్నే స్టాల్ అంటారు. ఆ స్థితి దగ్గరపడేకొద్దీ రంధ్రం దగ్గర పీడనం పడిపోయి లోపలి గాలిని బయటికి లాగుతుంది, ఆ లాగుడుకు హార్మోనియం రీడు లాంటి రేకు పలుకుతుంది. స్టాల్ వేగానికి ఇంకా 5 నుంచి 10 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కి.మీ.) మిగిలి ఉండగానే కూత మొదలవుతుంది. కరెంటు లేదు, వైర్లు లేవు, కంప్యూటర్ అసలే లేదు. దీని మీద భరోసా పెట్టినవాళ్లు పైలట్‌కు చెవులు ఖాళీగా ఉంటాయనే అనుకున్నారు.

బూర ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. శిక్షణ విమానాల్లో చాలావాటికి ప్రొపెల్లర్ బ్లేడ్ల కోణం మారదు. అందుకే ఇంజను శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్ మీట ముట్టుకోకపోయినా, ముక్కు కాస్త దిగితే వేగం పుంజుకుని ఇంజను చుట్లు పెరుగుతాయి, దాని శ్రుతి పైకి పోతుంది. ముక్కు లేస్తే శ్రుతి దిగుతుంది. అనుభవం ఉన్న పైలట్లు మ్యాపు చూసుకుంటూనే ఈ తేడాను పట్టి, తల ఎత్తేలోగా చేత్తో సరిచేసేస్తారు. ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న సెస్నా 152 లాంటి విమానాల్లో మరో సంగతి ఉంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, బయట 20 డిగ్రీలున్న రోజున కూడా కార్బురేటర్ లోపల మంచు పేరుకోవచ్చు. మొదటి గుర్తుగా ఇంజను చుట్లు మెల్లగా తగ్గుతాయి, తర్వాత ఇంజను గరగరలాడుతుంది. వేగం పడిపోతున్నప్పుడు కిటికీల చుట్టూ గాలి హోరు పలచబడుతుంది. స్టాల్‌ను పసిగట్టే ఇంద్రియాల్లో కంటితో పాటు చెవినీ పైలట్ల శిక్షణ గ్రంథాలు లెక్కలో వేస్తాయి.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో ఒక ప్రయాణం ఒంటరిగా కనీసం 300 నాటికల్ మైళ్లు, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగుతూ సాగాలి. మూడు గంటలకు తగ్గని పని. హెడ్‌సెట్‌కు బ్లూటూత్ ఉంది, ఫోనులో పాటలున్నాయి, పక్క సీట్లో శిక్షకుడు లేడు. చిన్నగా పెట్టుకుని వింటే తప్పేమిటి? హైదరాబాద్‌లో నేర్చుకునేవాళ్లకైనా, ఫ్లోరిడా వెళ్లి నేర్చుకునే మన పిల్లలకైనా ఈ సందేహం వచ్చే తీరుతుంది. లైసెన్సు చేతికొచ్చేదాకా వద్దనే నేనంటాను. అయితే ‘క్రమశిక్షణ’ అనే మాట విసిరి ఊరుకుంటే ఇరవై ఏళ్లవాళ్లు వినరు, వినకపోవడమే న్యాయం కూడా. కారణాలు చెప్పాలి.

చట్టం నుంచి పెద్దగా సాయం దొరకదు. అమెరికాలో సొంతానికి ఎగిరే చిన్న విమానంలో, వాతావరణం బాగున్న రోజున పాట వినకూడదనే నిబంధన ఏదీ లేదు. ప్రయాణికుల విమాన సంస్థలకు మాత్రం 1981 నుంచి ఒక నియమం ఉంది. 10,000 అడుగుల కింద, ఒకే ఎత్తులో నిలకడగా సాగే దశలో తప్ప, ఎగురుతున్నంతసేపు కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట గానీ, చేత గానీ ఉండకూడదు. 1974 సెప్టెంబర్ 11న అమెరికాలోని షార్లెట్‌లో దిగబోతూ ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 212 విమానం కూలి 72 మంది చనిపోయారు. దిగే ముందు పైలట్లు రాజకీయాల మీద, పాత కార్ల మీద కబుర్లు చెప్పుకున్నట్టు రికార్డరులో బయటపడింది. నియమం వెనుక ఉన్న ప్రమాదాల్లో ముఖ్యమైనది అదే. శిక్షణ విమానానికి ఇది వర్తించదు. కానీ ఒక్కసారి వర్తింపజేసి చూడండి. సెస్నా 172 మామూలుగా ఆ 10,000 అడుగుల గీత దాటి పైకి పోదు. నిలకడ దశకిచ్చిన మినహాయింపును పక్కన పెడితే, టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ప్రయాణమంతా ఆ నిశ్శబ్ద మండలంలోనే గడిచిపోతుంది.

ఇక శబ్దం లెక్క చూద్దాం. ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతోందనుకోండి, అంటే సెకనుకు 40. ప్రొపెల్లర్‌కు రెండు బ్లేడ్లు కాబట్టి సెకనుకు 80 సార్లు గాలిని కోస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు పేలుళ్లు, అవీ సెకనుకు 80. ఈ రెండూ కలిసి 80 హెర్ట్జ్ దగ్గర కూర్చుని, పొట్టలో తెలిసే ఆ మోతను పుట్టిస్తాయి. బేస్ గిటార్ నాలుగు తీగల్లో సన్నటి రెండు తీగల స్వరాల మధ్య చోటు ఇది. ఎదురు శబ్దం పుట్టించి హోరును తుడిచేసే హెడ్‌సెట్లు బాగా పనిచేసేది కూడా ఈ కింది స్థాయిలోనే. చెవుల ఆరోగ్యానికి అవి మంచివే, అలసటా తగ్గుతుంది. కాకపోతే ఇంజను గొంతు అసలే తగ్గిపోయిన చోట బీటున్న పాట పెడితే ఏమవుతుంది? ఇంజను ఖాళీ చేసిన జాగాలోకి సరిగ్గా డ్రమ్ములూ బేసూ వచ్చి చేరతాయి. పైగా లోతైన శబ్దాలు తమకన్నా పై స్థాయి శబ్దాలను కప్పేయగలవు. ఆ ముసుగులో ఇంజను శ్రుతిలో వచ్చే చిన్న తేడా మాయమవుతుంది.

తమాషా ఏమిటంటే ఆ హెడ్‌సెట్ పుట్టిందే పాట కోసం. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన ఇంజనీరు అమర్ బోస్ 1978లో జ్యూరిక్ నుంచి తిరిగి వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో సంగీతం హోరుకు వినిపించక విసిగిపోయారు. సీట్లో కూర్చునే లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. 1989లో ఆయన కంపెనీ పైలట్ల కోసం హెడ్‌సెట్ అమ్మకానికి తెచ్చింది.

రేడియోలో మాట రాగానే పాట దానంతటదే ఆగిపోతుంది కదా అనేది పిల్లల దగ్గరున్న గట్టి వాదన. నిజమే, రేడియో, పాట లాంటివాటిని హెడ్‌సెట్‌కు పంపే ఇప్పటి ఆడియో ప్యానెళ్లు ఆ పని చక్కగా చేస్తాయి. అయితే అవి గుర్తుపట్టేది రేడియోను, ఇంటర్‌కామ్‌ను మాత్రమే. రేకు బూర వాటికి వినపడదు, ఇంజను గరగర వినపడదు, గాలి హోరు తగ్గడం అసలే తెలియదు. రేడియో విషయంలో కూడా ఇబ్బంది పూర్తిగా తీరదు. కంట్రోలర్ ముందుగా పలికేది విమానం కాల్‌సైన్‌ను, అంటే రేడియోలో దాన్ని పిలిచే పేరును. పాటలోంచి మనసు తేరుకునే ఆ అరక్షణంలోనే పిలుపు ఎవరికో తెలిసే ముక్క దాటిపోతుంది. వేల గంటలు ఎగిరినవాళ్లకు కాల్‌సైన్ సొంత పేరంత అలవాటు, సందడిలో కూడా చెవి దాన్ని ఏరుకుంటుంది. శిక్షణలో ఉన్నవాళ్లకు రోజుకో విమానం, రోజుకో కాల్‌సైన్.

పిలుపు అందిన తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. ఎంత ఎత్తుకు దిగాలో, రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్‌లో ఏ నాలుగంకెలు పెట్టాలో, ఏ ఫ్రీక్వెన్సీకి మారాలో కంట్రోలర్ ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. ఈ అంకెల్ని పట్టి ఉంచే తాత్కాలిక జ్ఞాపకం చాలా ఇరుకైనది. పియెర్ సలామే, అలన్ బాడ్లీ 1989లో అంకెలు గుర్తుంచుకునే పరీక్షలు పెట్టి చూశారు. వెనకాల సంగీతం ఉంటే తప్పులు పెరిగాయి, వాద్య సంగీతం కన్నా మాటలున్న పాట ఎక్కువ చెడగొట్టింది. రేడియో ఇంగ్లీషులో, పాట తెలుగులో కదా, రెండూ ఎందుకు కలుస్తాయి అంటారా? 1976లో హెర్బర్ట్ కోల్, అలన్ వెల్ష్ జర్మన్ రానివాళ్లకు జర్మన్ చదివి వినిపిస్తూ జ్ఞాపకాన్ని పరీక్షించారు. అర్థం కాని భాష కూడా గుర్తును దెబ్బతీసింది. చెవిలో పడ్డ మాట, తెలిసిన భాషైనా తెలియనిదైనా, ఆ ఇరుకు గదిలోకి అనుమతి అడగకుండా దూరుతుంది.

అసలు పాట లేకుండానే మనిషి చెవి మూసుకుపోగలదు. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానం ముందు చక్రం దిగినట్టు చూపే దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరి దృష్టీ ఆ బల్బు మీదే. ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం మానేసింది, విమానం 2000 అడుగుల నుంచి మెల్లగా జారసాగింది. 250 అడుగులు తగ్గాక హెచ్చరిక గంట మోగింది. రికార్డరులో ఆ గంట స్పష్టంగా ఉంది, దాని గురించి మాట్లాడిన గొంతు ఒక్కటీ లేదు. విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో పడి 101 మంది పోయారు. దీన్ని అవధాన బధిరత్వం అనవచ్చు. శబ్దం చెవిదాకా వస్తుంది, మనసు తలుపు తీయదు. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఫ్రెడెరిక్ దుయే బృందం 28 మందిని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ల్యాండింగ్ వేళ గాలి తీరు అడ్డదిడ్డంగా మారే పరిస్థితి కల్పించింది. చక్రాల హెచ్చరిక మోగితే పదిమందిలో దాదాపు నలుగురు దాన్ని గమనించనేలేదు. పని భారం పెరిగేకొద్దీ చెవి ముందుగా సెలవు తీసుకుంటుంది. శిక్షణలో ఉన్నవాళ్లకు ప్రతి పనీ భారమే.

ఇంతవరకు నా పక్షమే బలంగా కనిపిస్తోంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇజ్రాయెల్‌లో వారెన్ బ్రాడ్‌స్కీ, మరో పరిశోధకుడు కలిసి 85 మంది కొత్త కుర్ర డ్రైవర్ల చేత, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టి, ఆరేసి ప్రయాణాలు చేయించారు. కొన్నింటిలో సొంతంగా ఎంచుకున్న పాటలు, కొన్నింటిలో పరిశోధకులు ప్రత్యేకంగా కట్టించిన నెమ్మదైన సంగీతం, కొన్నింటిలో ఏమీ లేదు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం సొంత పాటలతో తప్పులు ఎక్కువయ్యాయి, అది ఊహించిందే. ఆ నెమ్మదైన సంగీతంతో మాత్రం ఏమీ లేనప్పటి కన్నా తక్కువ తప్పులు జరిగాయి. కాబట్టి సంగీతమంటేనే ప్రమాదం అనేయడం కుదరదు. చెడుపు చేసేది మనకు ఇష్టమైన పాట, అంటే మనం నిజంగా వినాలనుకునేదే.

విసుగు కూడా చిన్న శత్రువేమీ కాదు. బ్రిటన్ రాడార్ సిబ్బంది ఎందుకు గురి తప్పుతున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం తయారుచేశాడు. ముల్లు సెకనుకో గంతు వేస్తుంది, ఎప్పుడో ఒకసారి రెండు గంతులు కలిపి వేస్తుంది. దాన్ని పట్టుకోవాలి, అంతే పని. 1948లో ప్రచురించిన ఫలితాల్లో, అరగంట దాటేసరికి మనుషుల చురుకు తగ్గిపోయింది. 1927లో ముప్పై మూడున్నర గంటలు ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్‌కు రేడియో కూడా లేదు. విమానం నిలకడగా ఎగరకుండా నిరంతరం సరిదిద్దుకోమని వేధించడం వల్లే మెలకువగా ఉండగలిగానని ఆయనే చెప్పుకున్నాడు. అనుభవమున్న పైలట్ ఏ గొడవా లేని ఆకాశంలో రెండు గంటలు నేరుగా వెళ్తూ చిన్నగా వీణో వేణువో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. శిక్షణలో ఉన్నవాళ్లకు ఆ విసుగు రాదు. మ్యాపు, ఇంధనం లెక్క, గాలి దిశ, ఇంజను తనిఖీ పట్టీ చూసుకుంటుంటే తీరిక ఎక్కడిది? విసుగొచ్చిందంటే చేయాల్సిన పని ఏదో వదిలేశారన్నమాట.

మరి పాత పైలట్లు వినలేదా అంటే, విన్నారు. దిక్కు చూపే ఏడీఎఫ్ యంత్రం మీడియం వేవ్ స్టేషన్లను కూడా పట్టుకుంటుంది. హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ దాని పరిధిలోనే ఉంటాయి. స్టేషన్ పెడితే సూది అటు తిరుగుతుంది, హెడ్‌సెట్‌లో పాటా వస్తుంది. అప్పుడు పాటే దారి చూపే సాధనం. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద దాడికి వస్తూ జపాన్ దళనాయకుడు ఫుచిదా హొనలూలూ స్టేషన్ సంగీతం పట్టుకునే దిశ సరిచూసుకున్నాడు. అంతకుముందు రాత్రంతా స్టేషన్ మోగుతూ ఉండటానికి కారణం, కాలిఫోర్నియా నుంచి వస్తున్న అమెరికా బాంబర్లకు దారి చూపడం. డ్యూటీకి వెళ్తూ కారులో ఆ పాటలు విన్న కెర్మిట్ టైలర్ అనే అమెరికా అధికారి తమ విమానాలు వస్తున్నాయని గ్రహించాడు. తెల్లవారాక రాడార్ మీద పెద్ద గుంపు కనిపించిందని ఫోను వస్తే, కంగారు పడొద్దన్నాడు.

లైసెన్సు వచ్చాక ఎలాగూ స్నేహితుల్ని ఎక్కించుకుంటారు, వాళ్లు పాటలు పెట్టమంటారు. కొన్ని ఆడియో ప్యానెళ్లలో పైలట్‌ను విడదీసే మీట ఉంటుంది. నొక్కితే మిగతావాళ్లు పాట వింటారు, పైలట్‌కు రేడియో, ఇంజను మాత్రమే మిగులుతాయి.