కొట్టే మందు, మింగే మందు

ఆదోని, కోసిగి వైపు పత్తి పూతకు వచ్చే రోజుల్లో ఏ చేను గట్టున చూసినా వీపున ట్యాంకు తగిలించుకున్న మనిషే. గాలికి ఎదురు నడుస్తూ కొట్టాడా, సాయంత్రానికి తల దిమ్మెక్కిందంటాడు. చీకటి పడేసరికి చొంగ, చెమట, వాంతులు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ముందు టార్చి వేసి కళ్ళు చూస్తాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంటే సగం సంగతి తేలిపోయినట్టే. వెంట వచ్చినవాళ్ళు చెప్పేదీ ఒక్క ముక్కే: "మందు కొట్టొచ్చినాడు సార్."

పురుగుకు కొట్టేదీ మందే, రోగి మింగేదీ మందే. సాయంత్రం సీసా సంగతి సరేసరి. ఈ విషయంలో మన భాష రసాయనశాస్త్రం కన్నా ముందే ఉంది. ఆ పత్తి మందు పట్టుకునే ఎంజైమూ, మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కు రాసే డోనెపెజిల్ మాత్ర పట్టుకునే ఎంజైమూ ఒకటే. పేరు అసిటైల్‌కోలినెస్టరేస్.

నరం నుంచి కండరానికి "కదులు" అనే కబురు మోసేది అసిటైల్‌కోలిన్. కబురు అందగానే దాన్ని తుంచి పారేయడం ఈ ఎంజైమ్ పని. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేలల్లో తుంచుతుంది. దీన్ని కట్టేస్తే కబురు మోగుతూనే ఉంటుంది. నోట్లో చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతూనే ఉంటాయి. కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. ప్రాణం పోయేది ఊపిరి ఆడకే.

ఈ కథ మొదలైంది పశ్చిమాఫ్రికాలోని కలబార్‌లో, ఒక చిక్కుడు జాతి గింజతో. అక్కడ నేరం మోపినవాడి చేత ఆ గింజ తినిపించేవాళ్ళు. బతికితే నిర్దోషి, పోతే దోషి. 1855లో ఎడిన్‌బరోలో రాబర్ట్ క్రిస్టిసన్ అనే వైద్యుడు దాన్ని తానే తిని చూశాడు, కొద్దిలో బతికి బయటపడ్డాడు. 1864లో అందులోంచి ఫైసోస్టిగ్మిన్ అనే విషాన్ని వేరు చేశారు. అది కంటిపాపను చిన్నది చేస్తుంది కాబట్టి గ్లకోమాకు వాడారు. అట్రోపిన్ దానికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తుందని కూడా ఆ దశకంలోనే తెలిసింది. ఈ రోజుకీ మందు కొట్టి పడిపోయినవాడికి మొదట ఎక్కించేది అట్రోపినే. మన పెంటదిబ్బల మీద మొలిచే ఉమ్మెత్తలో ఉండేదీ ఆ కుటుంబపు రసాయనమే. (అలాగని ఉమ్మెత్త నమిలిస్తే విరుగుడు అవదు, రెండో విషం అవుతుంది.)

ఫైసోస్టిగ్మిన్ చేసే పనికి కారణం తెలియడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. అసిటైల్‌కోలిన్‌ను తుంచే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటోందని 1926లో ఆటో లోవీ బృందం చూపింది. ఆ తర్వాత పదేళ్ళకు, 1936 డిసెంబరులో, జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగులను చంపడానికి ఫాస్ఫరస్ పదార్థాలు తయారుచేస్తూ టాబున్ దగ్గరికి వచ్చాడు. ప్రయోగశాలలో ఒలికిన చుక్కకే ఆయనకు, సహాయకుడికి చూపు మసకబారి ఊపిరి బిగుసుకుంది. సైన్యం దాన్ని విషవాయువుగా తీసుకుపోయింది. ష్రాడరే తర్వాత పారాథియాన్ అనే పురుగుమందు తయారుచేశాడు. ఇవాళ మన ఫెర్టిలైజర్ షాపు అరల్లో ఉన్న ఫాస్ఫరస్ పురుగుమందులు, అంటే ఆర్గనోఫాస్ఫేట్లన్నీ, ఆ వంశంలోవే.

తేడా అంతా పట్టులో ఉంది. ఫైసోస్టిగ్మిన్ కొన్ని గంటలకు వదిలేస్తుంది. ఆర్గనోఫాస్ఫేట్ మాత్రం ఎంజైమ్ నడిగుండెలో ఉండే సెరీన్ అనే అమైనో ఆమ్లానికి తన ఫాస్ఫరస్‌ను అతికించేస్తుంది. ఆ అతుకును ఊడదీయగల మందును న్యూయార్క్‌లో ఇర్విన్ విల్సన్ 1955లో ఆలోచించి మరీ కట్టాడు. ఎంజైమ్ ధనావేశమున్న అణువును లోపలికి లాక్కుంటుంది కాబట్టి ఒక చివర ఆ ఆవేశం, ఫాస్ఫరస్‌ను తన్నుకుపోవడానికి రెండో చివర ఆక్సైమ్ అనే అణువుల గుంపు. అదే ప్రాలిడాక్సిమ్, వార్డుల్లో అందరూ పామ్ అనే ఇంజెక్షన్. 1958లో జపాన్ వైద్యులు దాన్ని పారాథియాన్ బాధితులకు వాడి ఫలితాలు ప్రకటించారు. గుడ్డిగా వెతక్కుండా ఎంజైమ్ ఆకారాన్ని ఊహించి మందు కట్టడానికి నా దృష్టిలో ఇంతకన్నా అందమైన పాత ఉదాహరణ లేదు.

అయితే అతుకు ముదిరిపోతుంది. కొంతసేపటికి ఆ ఫాస్ఫరస్ తన కొమ్మ ఒకటి రాల్చుకుంటుంది, ఇక పామ్ దాన్ని కదపలేదు. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ రకంలో సగం ఎంజైమ్ ఇలా ముదరడానికి దాదాపు 3.7 గంటలు చాలు. క్లోర్‌పైరిఫాస్ లాంటి డైఇథైల్ రకంలో సుమారు 33 గంటలు పడుతుంది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి రోడ్డు దాదాపు 100 కిలోమీటర్లు. ఊళ్ళో మజ్జిగ తాగించి చూసిన గంటలు దీనికి అదనం. పామ్ ఎంత పనిచేస్తుందన్న తగువు ఇంకా తెగలేదు. 2006లో బారామతి వైద్యులు ఎక్కువ డోసుతో మంచి ఫలితాలు చూపారు. 2009లో శ్రీలంక పరీక్షలో ప్రయోజనం కనపడలేదు.

ఇక మింగే మందు సంగతి. అల్జీమర్స్‌లో మెదడులో అసిటైల్‌కోలిన్ తగ్గిపోతుంది, కాబట్టి తుంచే ఎంజైమ్‌ను కాస్త అడ్డితే ఉన్నది కొంత నిలుస్తుంది. 1983లో జపాన్ కంపెనీ ఐసాయ్‌లో సుగిమోతో హచిరో బృందం ఈ ఎంజైమ్‌ను మెల్లగా, మెదడులో మాత్రం అడ్డే అణువు కోసం వెతుకులాట మొదలుపెట్టింది. దారి చూపింది ఎలుకల చొంగ. రక్తనాళాల జబ్బు కోసం చేసిన ఒక పదార్థం ఇస్తే ఎలుకలకు విపరీతంగా చొంగ కారింది. కోసిగి రైతుకు కారిన చొంగా అదే కబురు. అక్కడి నుంచి సుమారు 700 పదార్థాలు తయారుచేసి వడపోస్తే మిగిలింది డోనెపెజిల్. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది అతుక్కోదు, పట్టుకుని వదిలేస్తుంది.

ఎంజైమ్ అసలు రూపం బయటపడింది 1991లో. ఇజ్రాయెల్‌లో సస్‌మన్, సిల్మన్‌లు షాకు కొట్టే ఒక సముద్రపు చేప నుంచి తీసి దాని ఆకారం గీశారు. పని జరిగే చోటు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) లోతు గొందిలో అడుగున ఉంది. ఆ గొందిలో రుణావేశాలు గుంపుగా ఉంటాయని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే గోడల నిండా 14 ఆరోమాటిక్ (వలయాలున్న) అమైనో ఆమ్లాలు, ధనావేశాన్ని లాగేవి అవే. విల్సన్ మందు సరిగ్గానే పనిచేసింది కానీ, ఆయన కాలపు ఊహాచిత్రంలో ఆ చోటు తప్పు.

ఇప్పుడు అనంతపురంలోనో కడపలోనో ఒక ఎం.ఫార్మసీ విద్యార్థి ఆ ఆకారాన్ని ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి ఉచితంగా దించుకుని, ల్యాప్‌టాప్‌లో అణువు ఎంత గట్టిగా అతుకుతుందో అంచనా కట్టే ఆటోడాక్ సాఫ్ట్‌వేర్ పెట్టి, సరస్వతి ఆకులోని అణువులను ఆ గొందిలోకి తోసి చూడొచ్చు. స్కోరు (మైనస్ ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిదని అంచనా) మైనస్ 10 వస్తే హాస్టల్లో పండగే. ఆ సంబరం నాకు అర్థమవుతుంది గానీ, స్కోరు నమ్మి థీసిస్ ముగించడం మాత్రం నచ్చదు. 1961లో ఎల్‌మన్ చెప్పిన పరీక్ష ఇంకా ఉంది, ఖర్చూ పెద్దగా కాదు. ఎంజైమ్ పనిచేస్తే క్యూవెట్ అనే చిన్న గాజు పాత్రలోని ద్రావణం పసుపెక్కుతుంది, 412 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పెరుగుతుంది. అడ్డుకుంటే రంగు లేకుండానే ఉండిపోతుంది. ఆకు సారానికే పసుపు రంగుంటే ఆ లెక్క ముందే తీసేయాలి. అది తీయక తప్పుడు ఫలితం తెచ్చుకునేవాళ్ళు ఎక్కువ. డోనెపెజిల్ నానోమోలార్లలోనే, అంటే అతి పలచని ద్రావణంలోనే అడ్డుతుందని గుర్తుంటే, మన ఆకు ఎంత దూరంలో ఉందో ఆ రీడింగే చెబుతుంది.

షాపు అరల్లో సరుకు మాత్రం మారుతోంది. 2018 నిషేధపు ఉత్తర్వుతో మిథైల్ పారాథియాన్ పోయింది, 2020 ఆఖరుకు ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ పోయాయి. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం వంతు వచ్చింది. ఆ జాబితాల్లో లేని ప్రొఫెనోఫాస్ పత్తికి బాగా వాడే మందు. దాని అతుకు చాలా త్వరగా ముదురుతుంది, పామ్‌తో పెద్దగా ఫలితం ఆశించలేం. అందుకే కంటిపాప చూశాక డాక్టరు అడిగే రెండో మాట "డబ్బా తెచ్చినారా?" అని. చాలాసార్లు అది గట్టు మీదే ఉండిపోతుంది. తెచ్చినా లేబుల్ తడిసి చినిగి, పేరులో చివరి "ఫాస్" ఒక్కటే మిగిలి ఉంటుంది.