కెర్ కౌంటీ సైరన్లు: అసలు మలుపు 2016లోనే

టెక్సస్‌లోని కెర్ కౌంటీలో వరద హెచ్చరిక సైరన్ల వ్యవహారం మళ్లీ రగులుకుంది. రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కొత్త చట్టం కింద ఆ సైరన్లను ఎక్కడ నిలబెట్టాలి, వాటి నిర్వహణ ఖర్చు ఎవరు మోయాలి, గ్వాడలూప్ నది ఒడ్డునున్న వేసవి శిబిరాలను తిరిగి తెరవనివ్వవచ్చా అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి ముందుకొస్తున్నాయి. 2025 జులై 4 తెల్లవారుజామున హంట్ అనే ఊరి దగ్గర నది ముప్పావు గంటలో దాదాపు 26 అడుగులు పెరగడం, ఆ ఒక్క కౌంటీలోనే వందమందికి పైగా చనిపోవడం, క్యాంప్ మిస్టిక్ అనే బాలికల వేసవి శిబిరంలో 27 మంది బాలికలు, కౌన్సెలర్లు కొట్టుకుపోవడం పాఠకులకు తెలిసిన సంగతులే. వాటిని మళ్లీ వివరించనక్కర్లేదు. ఇప్పటి తగవు అర్థం కావాలంటే వరద రోజు కన్నా తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లి, కౌంటీ పాలకులు 2016లో ఏం మాట్లాడుకున్నారో చూడాలి.

ఆ చర్చకు ప్రేరణ పక్క నది నుంచి వచ్చింది. 2015 మే నెలాఖరులో బ్లాంకో నది పొంగి హేస్ కౌంటీలోని వింబర్లీ పట్టణాన్ని ముంచెత్తింది. రాత్రివేళ ఇళ్లు పునాదులతో సహా లేచిపోయాయి. రెండు నదులదీ ఒకే స్వభావం. సున్నపురాతి గుట్టలు, వాటి మీద పలచని మట్టిపొర ఉన్న నేల అది. గల్ఫ్ తీరం నుంచి వచ్చే తేమగాలి ఆ గుట్టలకు తగిలి కుండపోతగా కురిస్తే, నీరు ఇంకే దారి లేక లోయల్లోకి దూకుతుంది. ఆ ప్రాంతాన్ని ఆకస్మిక వరదల సందు అని పిలుచుకోవడం అక్కడివారికి తరతరాల అలవాటు. పైగా కెర్ కౌంటీలో గ్వాడలూప్ ఉత్తర, దక్షిణ పాయలు రెండూ హంట్ దగ్గరే కలుస్తాయి. వింబర్లీలో జరిగింది తమ దగ్గర జరగదని అనుకోవడానికి అక్కడెవరికీ ఆధారం లేదు.

కెర్ కౌంటీని పాలించేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది నలుగురు కమిషనర్లు, వారికి అధ్యక్షత వహించే కౌంటీ జడ్జి కలిసిన పాలకమండలి. ఆ మండలిలో టామ్ మోజర్ అనే కమిషనర్ వింబర్లీ వరద తర్వాత హేస్ కౌంటీ చేపట్టిన ఏర్పాట్లను పరిశీలించి, తమకూ అలాంటి వ్యవస్థ కావాలని పట్టుబట్టారు. నదీమట్టాన్ని కొలిచే పరికరాలను పెంచాలని, అవి చెప్పే సమాచారం జనానికి వెంటనే చేరాలని, అవసరమైన చోట సైరన్లు ఉండాలని ఆయన వాదన. 1987 వరదలో సహాయక చర్యల్లో పాల్గొన్న అప్పటి షెరిఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) రస్టీ హయర్‌హోల్జర్ కూడా మెరుగైన హెచ్చరిక కావాలన్నారు. 1987 అంటే ఏమిటో ఆ లోయలో అందరికీ తెలుసు. ఆ ఏడాది జులై 17న కంఫర్ట్ సమీపంలోని ఒక శిబిరం నుంచి పిల్లలను తరలిస్తున్న బస్సు వరదనీటిలో చిక్కుకుంది. పదిమంది టీనేజీ పిల్లలు చనిపోయారు. అంటే 2016లో బల్ల చుట్టూ కూర్చున్నవారి ముందున్నది ఊహాజనితమైన ప్రమాదం కాదు. వారిలో కొందరు స్వయంగా చూసిన ప్రమాదమే.

అయినా చర్చ నీరుగారిపోయింది. ఈ ఏర్పాటంతా కెర్ కౌంటీ స్థాయికి కాస్త ఆడంబరమని ఒక కమిషనర్ అన్నారు. అందమైన ఈ కౌంటీలో అర్ధరాత్రి పాడు సైరన్లు మోగడం తలచుకుంటే తాను మళ్లీ తాగుడు మొదలుపెట్టాల్సి వస్తుందేమోనని సభలో వ్యాఖ్యానించారు. అది ఛలోక్తిగా అన్న మాటే కావచ్చు. అయితే అప్పటి వాతావరణాన్ని ఆ ఛలోక్తి చూపినంత స్పష్టంగా మరే నివేదికా చూపించలేదు. నదీతీరపు ప్రశాంతతే ఆ ప్రాంతానికి జీవనాధారం. వేసవిలో శిబిరాలకు, అద్దె బంగళాలకు వచ్చే జనం వల్లే అక్కడి వ్యాపారాలు నడుస్తాయి. రాత్రిపూట సైరన్ మోత ఆ ప్రశాంతతకు భంగమని భావించినవారు పాలకుల్లోనే ఉన్నారు.

హెచ్చరిక వ్యవస్థ కోసం రాష్ట్ర విపత్తు నిర్వహణ విభాగం ద్వారా కేంద్ర విపత్తు సహాయ సంస్థ ఫెమా నిధులు కోరుతూ దాదాపు పది లక్షల డాలర్ల ప్రతిపాదన వెళ్లింది. అది ఎంపిక కాలేదు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చిపడ్డాక విపత్తు నివారణ నిధుల ప్రవాహమంతా దాని దెబ్బ తిన్న కౌంటీల వైపు మళ్లింది. దరఖాస్తు తిరస్కరణకు గురైనప్పుడు సొంత ఖజానా నుంచి కొంతైనా మొదలుపెట్టే దారి కౌంటీకి ఉంది. ఆ దారి పట్టలేదు. ఖర్చు చూసి ఆ ఆలోచన అటకెక్కిందని మోజర్ తర్వాత ఒప్పుకున్నారు.

కౌంటీ పక్షం చెప్పేదాన్నీ ఇక్కడ నమోదు చేయాలి. యాభై రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న గ్రామీణ కౌంటీ అది. టెక్సస్‌లో కౌంటీల ఆదాయం ప్రధానంగా ఆస్తి పన్ను నుంచే వస్తుంది, ఆ పన్ను రాబడిని ఏటా 3.5 శాతానికి మించి పెంచుకోవాలంటే ఓటర్ల అనుమతి తప్పనిసరి అని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. పన్ను చెల్లించేవారు దీనికి డబ్బివ్వరని వరద తర్వాత కౌంటీ జడ్జి అన్న మాటలో కొంత నిజం ఉంది.

అయితే డబ్బు చేతికి వచ్చిన సందర్భం కూడా ఒకటుంది. కోవిడ్ కాలంలో కేంద్ర ప్రభుత్వ సహాయ చట్టం కింద ఈ కౌంటీకి కోటి డాలర్లకు పైగా అందింది. బైడెన్ ప్రభుత్వపు సొమ్ము మనకొద్దు, తిరిగి పంపేయండి అని కొందరు పౌరులు సమావేశాల్లో గట్టిగా డిమాండ్ చేశారు. కౌంటీ సొమ్మును తిప్పి పంపలేదు. అందులో అధిక భాగాన్ని షెరిఫ్ విభాగం, అగ్నిమాపక సేవల రేడియో వ్యవస్థకు, ఇంకొంత ఉద్యోగుల చెల్లింపులకు కేటాయించింది. రేడియోలు అనవసరమని ఎవరూ అనరు. కానీ ఆ పట్టికలో వరద హెచ్చరికకు చోటు దొరకలేదు. ఆ తర్వాత నదీ నిర్వహణ సంస్థ అయిన అప్పర్ గ్వాడలూప్ రివర్ అథారిటీ హెచ్చరిక వ్యవస్థ కోసం రాష్ట్ర జలాభివృద్ధి మండలిని ఆశ్రయించినప్పుడు, ఖర్చులో దాదాపు 5 శాతం మాత్రమే గ్రాంటుగా, మిగతాది వడ్డీలేని అప్పుగా ఇస్తామని జవాబు వచ్చింది. అథారిటీ ఆ షరతుకు ఒప్పుకోలేదు.

రాష్ట్రం పాత్ర కూడా ఇక్కడే చూడాలి. 2025 వసంతంలో విపత్తు సమాచార వ్యవస్థలకు గ్రాంట్లు ఇచ్చే బిల్లు ఒకటి ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. కెర్ కౌంటీ ప్రాంతపు ప్రతినిధి కూడా దానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఇప్పుడైతే ఓటు వేరుగా ఉండేదని వరద తర్వాత ఆయనే చెప్పారు.

దిగువన, కెండాల్ కౌంటీలోని కంఫర్ట్‌లో పరిస్థితి వేరు. 1987 దుర్ఘటనతో పేరు ముడిపడిన ఆ చిన్న ఊళ్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళం 2024లో కొత్త సైరన్ సమకూర్చుకుంది. పాత సైరన్‌ను బాగుచేయించి ఊళ్లో మరోచోట నిలబెట్టింది. సైప్రస్ క్రీక్‌లో నీటిమట్టం హద్దు దాటితే దానంతటదే మోగేలా కొలమానంతో అనుసంధానించింది. 2025 జులై 4న అక్కడ సైరన్లు మోగాయి, స్వచ్ఛంద సేవకులు ఇంటింటికీ వెళ్లి తలుపులు తట్టారు, ఆ ఊళ్లో ఒక్క ప్రాణమూ పోలేదు. ఈ పోలికను మితిమీరి లాగకూడదు. వరద కంఫర్ట్‌కు చేరేసరికి పొద్దెక్కింది, ఎగువ నుంచి వార్త ముందే అందింది. హంట్‌లో ఆ వెసులుబాటు లేదు. అయినా, గ్రామీణ ప్రాంతంలో ఇది అసాధ్యమన్న వాదనకు కంఫర్ట్ తర్వాత బలం తగ్గింది.

సైరన్లు లేనప్పుడు ఎగువన మిగిలింది ఫోన్లు. జాతీయ వాతావరణ సేవ విభాగం ఆకస్మిక వరద హెచ్చరికను రాత్రి 1:14కే జారీ చేసింది. అత్యవసర పరిస్థితి ప్రకటన 4:03కు వెలువడింది. నది వెంట చాలాచోట్ల సిగ్నల్ అందదు. క్యాంప్ మిస్టిక్ పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. కౌంటీ సొంతంగా సందేశాలు పంపే కోడ్‌రెడ్ వ్యవస్థను వాడమని ఒక అగ్నిమాపక ఉద్యోగి 4:22కు అడిగితే, సందేశాలు కొందరికి గంట తర్వాత, మరికొందరికి పది దాటాక అందాయి. జులై నెలాఖరున కౌంటీ కేంద్రమైన కెర్‌విల్‌లో జరిగిన శాసనసభ్యుల విచారణలో మరో సంగతి బయటపడింది. అత్యవసర సమన్వయకర్త అనారోగ్యంతో నిద్రలో ఉన్నారు. కౌంటీ జడ్జి ఊళ్లో లేరు. షెరిఫ్‌ను నిద్రలేపింది 4:20కు. కంఫర్ట్ సైరన్‌లా నీటిమట్టాన్ని బట్టి దానంతటదే మోగే పరికరం అయితే ఎవరినీ నిద్రలేపాల్సిన పని లేదు. 2016లో పక్కకు పోయిన ఆలోచన ఇలాంటిదే. అందుకే ఆ ఏడాదిని మలుపు అనడం.

2025 సెప్టెంబరు 5న గవర్నర్ సంతకంతో అమల్లోకి వచ్చిన చట్టాల్లో ఒకటి, వరద ముప్పున్న ప్రాంతాలను జలాభివృద్ధి మండలి గుర్తించాలని, అక్కడి స్థానిక ప్రభుత్వాలు సైరన్లు ఏర్పాటు చేయాలని చెబుతోంది. మరొకటి శిబిరాలకు సంబంధించింది. వరద ముంపు భూమిలో పిల్లల గదులు ఉండకూడదని అది శాసించింది. అంత ఖర్చు భరించలేక మూతపడతామని కొన్ని శిబిరాలు శాసనసభ కమిటీల ముందు వాపోయాయి. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అవే కమిటీల ముందు కూర్చుని, కఠినమైన నిబంధనలు కావాలని కోరారు.

సైరన్ల స్థాపనకు గ్రాంట్ల కింద ఐదు కోట్ల డాలర్లు రాష్ట్రం ఇస్తుంది. నడిపే బాధ్యత, మరమ్మతుల భారం మాత్రం కౌంటీలు, పట్టణాలదే. ఏటా పరీక్షించడానికి, బ్యాటరీలు మార్చడానికి, మీట నొక్కే మనిషిని రాత్రంతా మేల్కొని ఉంచడానికి అయ్యే మొత్తం కెర్ కౌంటీ ఏ పద్దులో చూపుతుందన్నది కమిషనర్స్ కోర్టు తేల్చాల్సిన విషయం.