కొత్త ప్లాంటు కంటే ముందు ఆదా

1970లలో అమెరికా వాయవ్య రాష్ట్రాల కరెంటు సంస్థలకు ఒకటే బెంగ. వాడకం ఇలాగే పెరిగితే కొలంబియా నది డ్యాముల కరెంటు ఇక చాలదని. అందుకే వాషింగ్టన్ రాష్ట్రంలోని స్థానిక విద్యుత్ సంస్థలు కలిసి ఏకంగా అయిదు అణువిద్యుత్ ప్లాంట్లు తలపెట్టాయి. వాడకం అనుకున్నంత పెరగలేదు. ఖర్చు అంచనా మాత్రం పెరుగుతూ 2,400 కోట్ల డాలర్ల దగ్గరికి వెళ్లింది. చివరికి పూర్తయింది ఒక్క ప్లాంటే. ఆగిపోయిన వాటిలో రెండింటి కోసం అమ్మిన 225 కోట్ల డాలర్ల బాండ్లను 1983లో తీర్చలేక చేతులెత్తేశారు. అమెరికాలో స్థానిక ప్రభుత్వ సంస్థలు అప్పు కోసం అమ్మే మున్సిపల్ బాండ్ల చరిత్రలో అప్పటికి అదే అతిపెద్ద ఎగవేత. ఆగిపోయిన మరో రెండింటి అప్పును జనం తమ బిల్లుల్లోంచి దశాబ్దాలపాటు కట్టారు.

ఈ వ్యవహారం ముదురుతుండగానే, 1980 డిసెంబరులో వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మొంటానా రాష్ట్రాల కోసం అమెరికా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కరెంటు అవసరం పెరిగినప్పుడు ఏ వరుసలో వెతకాలో అందులో రాసిపెట్టారు. ముందు ఆదా. తర్వాత పునరుత్పాదక వనరులు. ఆ తర్వాత వృథా వేడిని వాడుకునే, ఇంధనాన్ని పొదుపుగా మండించే ప్లాంట్లు. మిగతావన్నీ చివర. అంతేకాదు, ఆదాకి కొత్త ప్లాంటు కంటే పది శాతం ఎక్కువ ఖర్చయినా సరే, ఆదాకే మొగ్గు చూపాలన్నారు.

ఇక్కడ ఆదా అంటే ఫ్యాన్ కట్టేసి ఉక్కలో కూర్చోవడం కాదు. పవర్ కట్ అసలే కాదు. అదే గాలి, అదే వెలుతురు, అదే వెచ్చదనం తక్కువ కరెంటుతో పొందడమే ఆదా అని ఆ చట్టం నిర్వచనం. నా దృష్టిలో చట్టం బలమంతా ఈ నిర్వచనంలోనే ఉంది. ఇలా చూస్తే ఆదా చేసిన యూనిట్‌కి కూడా ధర కట్టవచ్చు.

ఎలాగో మన ఇంటి లెక్కలోనే చూద్దాం. 75 వాట్ల పాత ఫ్యాన్ తీసి తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టామనుకోండి. రోజుకి 12 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 162 యూనిట్లు మిగులుతాయి. పదేళ్లకు 1,620. మామూలు ఫ్యాన్ కన్నా దీనికి 1,500 రూపాయలు ఎక్కువ పెట్టామనుకుంటే, వడ్డీ వదిలేసి, మిగిలిన ఒక్కో యూనిట్ ఖర్చు రూపాయి లోపే. ఏ కొత్త థర్మల్ ప్లాంటూ ఆ ధరకు కరెంటు ఇవ్వలేదు. పైగా ఇంట్లో మిగిలిన యూనిట్ లైన్లలో ప్రయాణించనక్కర్లేదు కాబట్టి దారిలో పోయే నష్టం కూడా తప్పుతుంది.

అయితే కాగితం మీది ఆదా అంతా మీటర్లో కనిపించదు. 1980లలో ఒరెగాన్‌లోని హుడ్ రివర్ ప్రాంతంలో దాదాపు 3,000 ఇళ్లకు సరఫరా సంస్థల ఖర్చుతోనే పైకప్పుల్లో, గోడల్లో వేడి బయటికి పోకుండా పొరలు వేశారు, కిటికీలకు అదనపు అద్దాలు బిగించారు. అర్హత ఉన్న ఇళ్లలో చాలా భాగం ముందుకొచ్చాయి. కానీ ఆదా ఇంజనీర్ల అంచనా కన్నా బాగా తక్కువ వచ్చింది. రేట్లు పెరగడంతో జనం అప్పటికే హీటర్లు తగ్గించి కట్టెలు కాల్చుకుంటున్నారు, అందుకే మిగల్చడానికి ఉన్న కరెంటే తక్కువ. ఈ సంగతి బయటపడింది మీటర్లు చూసి లెక్క కట్టారు కాబట్టే. ఆ ప్రాంతం ఆదాని వదిలేయలేదు, అంచనాలను సరిదిద్దుకుంటూ వెళ్లింది. ఇప్పుడు జలవిద్యుత్ తర్వాత అక్కడి రెండో అతిపెద్ద వనరు ఆదాయే. సియాటిల్, పోర్ట్‌లాండ్ చుట్టూ స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లలో దీపాలు ఆ లెక్క మీదే వెలుగుతున్నాయి. 2006లో వాషింగ్టన్ ఓటర్లు ఇంకో అడుగు వేశారు. లాభసాటి ఆదా ఎంత ఉంటే అంతా పెద్ద సరఫరా సంస్థలు సాధించి తీరాలని, తప్పితే జరిమానా అని ఓటేసి చట్టం చేసుకున్నారు.

ఆదేశం ఒక్కటే సరిపోదు. యూనిట్లు అమ్మి బతికే సంస్థ తన అమ్మకాలు తానే ఎందుకు తగ్గించుకుంటుంది? కాలిఫోర్నియా 1982లోనే దీనికి దారి వెతికింది. కంపెనీకి రావాల్సిన ఆదాయాన్ని నియంత్రణ సంస్థ ముందే ఖరారు చేస్తుంది. అమ్మకం తగ్గినా పెరిగినా ఆ తేడాను తర్వాతి రేట్లలో సర్దుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) చిక్కు వేరు. ఎక్కువ రేటు కట్టే పరిశ్రమలు, దుకాణాలు పొదుపు చేస్తే డిస్కంలకు నష్టం. ఉచిత కరెంటు మీద నడిచే పంపుసెట్లు పొదుపు చేస్తే లాభం. కాబట్టి మన దగ్గర ఆదాకి మొదటి స్థానం ఇవ్వాలంటే పొలం నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. మంచి మోటారు ఇస్తే రైతు మరిన్ని నీళ్లు తోడి భూగర్భజలం అడుగంటుతుందన్న భయం నిజమైనదే. అందుకని బోరు లోతుకీ పంటకీ సరిపడే పంపునే ఎంచాలి. లెక్క కోసం రైతు మోటారుకు మీటరు పెట్టి, బిల్లు వస్తుందేమోనన్న టెన్షన్ అతనికి కలిగించనక్కర్లేదు. వ్యవసాయానికి విడిగా ఇచ్చిన సరఫరా లైను (ఫీడర్) దగ్గర, పంపులు మార్చకముందు ఒక సీజనూ మార్చాక ఒక సీజనూ రీడింగులు తీసి, వానల తేడా సవరించి చూస్తే మిగిలినదెంతో తేలుతుంది. డిస్కం కొత్త విద్యుత్ కొనుగోలు ఒప్పందానికి అనుమతి అడిగే రోజున విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ముందు ఆ అంకె కూడా ఉండాలి.