నాలుగు గంటల బ్లాక్: అరిజోనా బడుల్లో భాష గొడవ వెనుక ఏముంది?

ఇంగ్లీషు రాని పిల్లలకు బడిలో ఏ భాషలో చదువు చెప్పాలన్న గొడవ అమెరికాలో మళ్లీ రాజుకుంది. 2025 మార్చిలో ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించారు. ఈ పిల్లల విషయంలో బడుల బాధ్యతలేమిటో వివరిస్తూ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను ఆగస్టులో ఫెడరల్ విద్యాశాఖ వెనక్కి తీసుకుంది. అరిజోనాలో అయితే ఈ గొడవ అంతకుముందే కోర్టుకెక్కింది. సగం ఇంగ్లీషు, సగం స్పానిష్‌లో నడిచే డ్యూయల్ లాంగ్వేజ్ తరగతులు చట్టవిరుద్ధమంటూ రాష్ట్ర విద్యా సూపరింటెండెంట్ టామ్ హార్న్ 2023లో కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతం బడులను నడిపే స్థానిక సంస్థల) మీద, గవర్నర్ మీద దావా వేశారు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా 2000లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 203 అనే చట్టం దగ్గర మొదలుపెడతారు. అసలు మలుపు 2006లో ఉందని నేననుకుంటాను. చదువు ఇంగ్లీషులోనే సాగాలని 203 చెప్పింది గానీ, రోజుకు ఎన్ని గంటలో చెప్పలేదు. 2006 చట్టం అది చెప్పింది: మొదటి ఏడాది రోజుకు కనీసం నాలుగు గంటలు ఇంగ్లీషు. ఈ పద్ధతి పరిశోధన ఆధారంగా ఉండాలని కూడా అదే చట్టంలో రాశారు. ఒక టాస్క్ ఫోర్స్ టైమ్ టేబుల్ తయారుచేసింది. 2008-09 విద్యా సంవత్సరంలో అది బడుల్లోకి వచ్చింది. అప్పుడు కూడా సూపరింటెండెంట్ హార్నే.

తరగతి గదిలో ఆ నాలుగు గంటలు ఎలా ఉండేవో చూడాలి. గ్రామర్, పదజాలం, మాట్లాడటం, చదవడం, రాయడం, దేని నిమిషాలు దానివే. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఒక గదిలో, రాని పిల్లలు ఇంకో గదిలో. ఇంగ్లీషు మాట్లాడే తోటి పిల్లలే లేని గదిలో కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్చుకోమన్నారు. లెక్కలకు, సైన్సుకు మిగిలిన టైమ్ ఎంత? హైస్కూల్లో అయితే రోజులో నాలుగు పీరియడ్లు దీనికే పోయేవి, పాసవడానికి వేర్వేరు సబ్జెక్టుల్లో కావలసిన క్రెడిట్లు సంపాదించే దారి మూసుకుపోయేది. చట్టంలో ఉన్నది మొదటి ఏడాది మాటే అయినా, చాలామంది ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోయారు.

అరిజోనా నగరం చాండ్లర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లలైనా, బడి ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే ఇంగ్లీషు పరీక్ష రాయాల్సిందే. కానీ ఈ తరగతులను నింపింది ప్రధానంగా స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు.

ఇలాంటి పద్ధతులను తూచడానికి టెక్సస్ కేసు ఒకదానిలో 1981లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు మూడు ప్రశ్నలు పెట్టింది. దాని వెనుక నిపుణులు ఒప్పుకునే సిద్ధాంతం ఉందా? దాన్ని సరిగ్గా అమలు చేస్తున్నారా? కొంతకాలం తర్వాత ఫలితం కనిపించిందా? అరిజోనాలో వాదనంతా మొదటి ప్రశ్న దగ్గరే తిరిగింది. ఇంగ్లీషు రాని పిల్లలకు చదువు సరిగ్గా అందడం లేదంటూ సరిహద్దు పట్టణం నొగాలెస్ తల్లిదండ్రులు 1992లో వేసిన కేసు 2009లో సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, పిల్లల్ని ఇంగ్లీషులో ముంచే, అంటే చదువంతా ఇంగ్లీషులోనే చెప్పే పద్ధతే మేలన్న అభిప్రాయానికి పరిశోధనల మద్దతు ఉందని మెజారిటీ తీర్పు రాసింది. 5-4 తీర్పు అది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజిలెస్‌లోని సివిల్ రైట్స్ ప్రాజెక్ట్ పరిశోధకులు నాలుగు గంటల బ్లాక్‌ను పరిశీలించి, ఇది పిల్లల్ని విడదీస్తోందని, మిగతా సబ్జెక్టులకు దూరం చేస్తోందని హెచ్చరించారు. ఎవరూ వినలేదు. 2014 నాటికి ఈ పిల్లల్లో నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు 18 శాతం. ఇంతమంది పిల్లల చదువు పోయాక గానీ మూడో ప్రశ్న ఎవరికీ గుర్తురాలేదు.

2019లో రిపబ్లికన్ గవర్నర్ డగ్ డ్యూసీ సంతకంతో నాలుగు గంటలు దాదాపు రెండుకు తగ్గాయి. రాష్ట్ర విద్యా బోర్డు ఆమోదించిన కొత్త పద్ధతుల్లో డ్యూయల్ లాంగ్వేజ్ కూడా ఉంది.

హార్న్ వాదన ఇది: ప్రొపొజిషన్ 203 అనేది ఓటర్లు చేసిన చట్టం, దాన్ని శాసనసభ గానీ బోర్డు గానీ దాటలేవు, ఇంగ్లీషులో ముంచితేనే పిల్లలకు త్వరగా ఇంగ్లీషు వస్తుంది.

ఆ "త్వరగా" అన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది. 2014లో వచ్చిన స్టాన్‌ఫోర్డ్ అధ్యయనంలో, రెండు భాషల్లో చదివిన లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు చిన్న తరగతుల్లో ఇంగ్లీషు పరీక్ష దాటడంలో వెనకబడ్డారు, హైస్కూల్ ముగిసేసరికి మాత్రం ఎక్కువమంది దాటారు. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో లాటరీతో సీట్లు వచ్చిన పిల్లలను పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. డ్యూయల్ లాంగ్వేజ్ పిల్లలు ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చదవడంలో దాదాపు 9 నెలల చదువంత ముందున్నారు. మూడో తరగతిలో లెక్కపెడితే ఒక జవాబు, ఎనిమిదిలో లెక్కపెడితే ఇంకో జవాబు.

2024 మార్చిలో కోర్టు హార్న్ కేసును కొట్టేసింది. కానీ ప్రొపొజిషన్ 203 చట్టంగా అలాగే ఉంది. దాన్ని రద్దు చేద్దామా అని ఓటర్లను అడిగే తీర్మానం ఒకసారి రాష్ట్ర ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది.