యాన్సిబుల్‌తో రీబూట్: ‘చేంజ్డ్’ అని వస్తే పని అయిపోయినట్టేనా?

భీమవరం, అమలాపురం కాలేజీల్లో చదివి, ఇంటి నుంచే ముంబైలోని సర్వర్లు చూసుకునే కుర్రాళ్లు మా వైపు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు వాడేది యాన్సిబుల్: ప్లేబుక్ అనే ఫైల్లో రాసిన పనుల్ని (టాస్కుల్ని) చాలా సర్వర్ల మీద తనే నడిపే టూల్. రీబూట్ టాస్క్ పక్కన ‘చేంజ్డ్’ అని వస్తే, అంటే మార్పు జరిగిందని చూపిస్తే, పని అయిపోయిందని దాదాపు అందరిదీ ఇదే పాట.

అపోహ: రీబూట్ టాస్క్ పాసైతే సర్వర్ రెడీ.

వాస్తవం: యాన్సిబుల్ చూసేది రెండే. లినక్స్‌లో ప్రతి బూట్‌కీ ఒక కొత్త ఐడీ వస్తుంది. దాన్ని ముందూ తర్వాతా చదివి, సర్వర్ నిజంగా రీబూట్ అయిందో లేదో తేల్చుకుంటుంది. తర్వాత లాగినై ఒక చిన్న కమాండ్ నడుపుతుంది. మనం వేరేది చెప్పకపోతే అది ‘హూ యామ్ ఐ’. దానికి జవాబొస్తే చాలు, టాస్క్ పాస్. డేటాబేస్ లేచిందా, రొయ్యల మేత డీలర్లు పొద్దున్నే ఆర్డర్లు పెట్టే యాప్ తెరుచుకుంటుందా అన్నది దానికి పట్టదు.

నేను ఎక్కువగా చూసే కేసు ఇదే: ఎవరో ఎప్పుడో సర్వీస్‌ని చేత్తో స్టార్ట్ చేసి, బూట్‌లో దానంతటదే లేచేలా ఎనేబుల్ చేయడం మర్చిపోతారు. నెలల తరబడి హాయిగా నడుస్తుంది. రీబూట్ అయిన రాత్రి బయటపడుతుంది. అందుకే టెస్ట్ కమాండ్‌గా మన సర్వీస్‌ని అడిగే కమాండే ఇవ్వండి. లేదా తర్వాతి టాస్క్‌లో, యాప్ బాగుందో లేదో చెప్పే హెల్త్ పేజీ 200 (అంతా బాగుంది అనే కోడ్) ఇచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగించండి.

అపోహ: టైమౌట్ అని ఎర్రగా వచ్చిందంటే సర్వర్ పోయింది.

వాస్తవం: మనం మార్చకపోతే యాన్సిబుల్ ఎదురుచూసే గడువు 600 సెకన్లు. ర్యామ్ ఎక్కువున్న ఫిజికల్ సర్వర్‌కి మెమరీ చెకింగ్‌కే బోలెడు టైమ్ పడుతుంది. టెన్షన్‌లో పవర్ బటన్ జోలికి పోకుండా ముందు కన్సోల్ (సర్వర్ స్క్రీన్ నేరుగా కనిపించే చోటు) తెరిచి చూడండి. బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో, తీసేసిన డిస్క్ లైన్ అలాగే ఉండిపోతే సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయి ఉంటుంది. అప్పుడు ఎంతసేపు ఎదురుచూసినా లాగిన్ రాదు.

అపోహ: ఫోర్క్స్ డిఫాల్ట్‌గా 5 కదా, అన్నీ ఒకేసారి పడిపోవులే.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన ధైర్యం. ఫోర్క్స్ అంటే ఒకేసారి ఎన్నింటి మీద పనిచేయాలన్న లెక్క మాత్రమే. ఒక సర్వర్ ఫెయిలైతే దాన్ని పక్కనపెట్టి మిగతావాటిని రీబూట్ చేసుకుంటూ పోతుంది. పైగా అన్నీ రీబూట్ అయ్యాకే హెల్త్ చెక్ టాస్క్ మొదలవుతుంది. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఏరేటర్లన్నీ వరసగా ఆపుకుంటూ పోయి, ఆక్సిజన్ చివర్లో చూద్దాం అంటే ఎలా? సీరియల్ (విడతకి ఎన్ని సర్వర్లు అన్న లెక్క) 1 పెడితే ఒక్కో సర్వర్ రీబూట్, చెకింగ్ రెండూ అయ్యాకే రెండోదాని వంతు. మొదటిదే ఫెయిలైతే ప్లే (ప్లేబుక్‌లో నడుస్తున్న ఆ భాగం) అక్కడే ఆగిపోతుంది. సీరియల్ 5 పెడితే అయిదూ ఫెయిలైతేనే ఆగుతుంది. ఒక్కదానికే ఆగాలంటే మ్యాక్స్ ఫెయిల్ పర్సెంటేజ్ 0 కూడా రాయాలి.

అపోహ: మధ్యలో కరెంటో నెట్టో పోతే సర్వర్ సగంలో ఆగిపోతుంది.

వాస్తవం: తుపాను రోజుల్లో కోనసీమలో ఇది ఊరికే పుట్టిన భయం కాదు. అయినా కమాండ్ చేరాక సర్వర్ తన రీబూట్ తాను పూర్తి చేసుకుంటుంది. లేచాక చూసేవాళ్లు ఉండరు, మిగతావాటి వంతు రాదు, అంతే. అసలు తలనొప్పి ప్లేబుక్ మళ్లీ నడిపినప్పుడు. అవసరమా కాదా అని చూడకుండా, ఇందాక రీబూట్ అయినవాటిని కూడా మళ్లీ చేసేస్తుంది. ఉబుంటులో అయితే ‘రీబూట్ రిక్వైర్డ్’ ఫైల్ ఉంటేనే చేయమని షరతు పెట్టండి. రీబూట్ అయ్యాక ఆ ఫైల్ ఉండదు. ప్లేబుక్‌ని లాప్‌టాప్ నుంచి కాకుండా క్లౌడ్‌లోని మెషీన్‌లో, టీమక్స్ (మన కనెక్షన్ తెగినా పనిని నడిపిస్తూ ఉంచే ప్రోగ్రామ్) లోపల నడిపితే మన నెట్ పోయినా పని సాగుతుంది.

అపోహ: ప్లేబుక్ నడిపే మెషీన్ పొరపాటున లిస్టులో ఉన్నా ఫర్వాలేదు, యాన్సిబుల్ ఒప్పుకోదు.

వాస్తవం: లోకల్ కనెక్షన్ (నెట్‌వర్క్ లాగిన్ లేకుండా తన మెషీన్‌లోనే నేరుగా) అయితేనే ఒప్పుకోదు. అదే మెషీన్‌కి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా లాగినై) వెళ్తే మొహమాటం లేకుండా రీబూట్ చేసేస్తుంది. మిగతా సర్వర్లకి చేరడానికి మధ్యలో దాటే జంప్ సర్వర్ సంగతీ అంతే. అది పడితే దాని వెనకున్నవన్నీ ‘అన్‌రీచబుల్’. ఈ రెండింటినీ వేరే గ్రూపులో పెట్టి, మిగతావన్నీ అయ్యాక విడిగా రీబూట్ చేయండి.